చిత్త నక్షత్రం: అపోహలు, వాస్తవాలు

శ్రీకాకుళం చుట్టుపక్కల ఊళ్లలో టెలిస్కోపుతో ఆకాశం చూపించే మాకు, వేసవి రాత్రుల్లో చిత్త వైపు తిప్పిన ప్రతిసారీ ఒకే ప్రశ్న ఎదురవుతుంది: "ఈ చుక్కలో పుట్టిన పిల్లలకు దోషమంట కదా మాస్టారూ?" ఇటీవల దీనికి కొత్త ప్రచారం తోడైంది. చిత్త కాంతి నిలకడగా ఉండదని శాస్త్రవేత్తలే చెబుతున్నారు గనుక దోషం నిజమేనట!

కాంతి మారడం నిజమే, కారణం వేరు. చిత్త ఒక జంట నక్షత్రం. పెద్దదాని ఉపరితల ఉష్ణోగ్రత సుమారు 25,000 డిగ్రీలు. చిత్త నీలి రంగు చల్లదనానికి కాదు, ఆ వేడికి గుర్తు. భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్న దూరంలో ఎనిమిదో వంతు ఎడంలో, ఆ రెండూ 4 రోజులకు ఒకసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ, పరస్పర ఆకర్షణ వల్ల గుడ్డు ఆకారంలో సాగిపోయాయి. తిరిగేటప్పుడు మనవైపు కనిపించే వైశాల్యం మారడంతో కాంతి కొద్ది శాతం హెచ్చుతగ్గులవుతుంది, కంటికి తెలియదు. మినుకుమనడం మన గాలి వల్లనే. ఏ టెలిస్కోపులోనూ ఆ రెండూ విడివిడిగా కనిపించవు. 1890లో జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త వోగెల్ వర్ణపటం (కాంతిని రంగులుగా విడదీసి చూడడం) ద్వారానే జంట అని కనుగొన్నారు.

ఇక దోషం సంగతి. చిత్తలో పుట్టడమంటే ఆ వేళకు చంద్రుడు ఆ దిశలో ఉండడమే. చంద్రుడు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉంటే, చిత్త దాదాపు 250 కాంతి సంవత్సరాల అవతల, అంటే దాని కాంతి మనల్ని చేరడానికే 250 ఏళ్లు పట్టేంత దూరంలో ఉంది. 27 నక్షత్రాలను చంద్రుడు నెలకోసారి చుట్టివస్తాడు గనుక ప్రతి 27 మందిలో ఒకరు చిత్తలోనే పుడతారు. ప్రపంచంలో వారు ఇంచుమించు 30 కోట్ల మంది. అందరి ఇళ్లకూ ఒకే గండం ఎలా వస్తుంది? ఆమదాలవలస దగ్గర ఒక తల్లి, నెలల బిడ్డను ఒళ్లో పెట్టుకొని, శాంతి చేయించడానికి పుస్తెలతాడు తాకట్టు పెట్టబోతున్నానని చెప్పింది. ఆమె భయాన్ని నేను చులకన చేయలేను, అది బిడ్డ మీది ప్రేమ. ఆ ప్రేమను చూపి డబ్బు గుంజేవారిని మాత్రం క్షమించలేను. ఆ డబ్బు బిడ్డ టీకాలకూ తిండికీ దాచుకోమ్మా అని చెప్పి, లెక్క అంతా కాగితం మీద వేసి చూపించాను.

చిత్త జంటలోని పెద్ద నక్షత్రం ఎప్పటికైనా పేలవచ్చు గానీ అందుకు లక్షల ఏళ్లు పడుతుంది, ఇంత దూరానికి దాని వల్ల హాని లేదు. చిత్త కార్తెలో తుఫాన్లు తెచ్చేదీ ఆ చుక్క కాదు: అక్టోబరులో సూర్యుడు దాని పక్కనే ఉండడంతో అది అసలు కనిపించదు. 2018 అక్టోబరు 11న మన జిల్లాను ముంచిన తిత్లీ తుఫానుకు బలమిచ్చింది వెచ్చని బంగాళాఖాతం.