కంటికి ఆనని కొత్తదనం

అనంతపురంలో డిగ్రీ చదువుతున్న ఒక కుర్రవాడు ఈ మధ్య నన్నొక ప్రశ్న అడిగాడు. "సార్, మా ఇంటికి కలర్ టీవీ వచ్చిన రోజు గురించి మా నాయన ఇప్పటికీ కథలు కథలుగా చెబుతాడు. నేను రెండేళ్ళకొక ఫోను మారుస్తున్నా. ఏది ఎప్పుడు కొన్నానో కూడా గుర్తులేదు. పస తగ్గింది వస్తువుల్లోనా, మాలోనా?"

"ఈ తరానికి దేనిమీదా మోజు నిలవదు" అనే జవాబు ఏ అరుగు మీద కూర్చున్నా దొరుకుతుంది. దాంతో నాకు తృప్తి లేదు. ఈ ప్రశ్నకు అసలైన జవాబు మన కన్ను, చెవి పనిచేసే తీరులో ఉంది. దాన్ని మొదట కొలిచి చూపిన వాడు ఎర్న్‌స్ట్ వేబర్. జర్మనీలోని లైప్‌జిగ్‌లో శరీరశాస్త్రం బోధించేవాడు. స్పర్శ మీద తాను చేసిన ప్రయోగాలను 1834లో అచ్చువేశాడు.

ఆయన చేసిన పని పైకి చాలా చిన్నది. మనుషుల చేత బరువులు ఎత్తించి, ఎంత కలిపితే "ఇప్పుడు పెరిగింది" అంటారో రాసుకున్నాడు. దీన్ని చెనక్కాయలతో ఇంట్లోనే చేసి చూడొచ్చు. ఒక సంచిలో వంద గ్రాముల కాయలు వేసి, కళ్ళు మూసుకున్న మనిషి చేత ఎత్తించండి. ఇంకో సంచిలో నూట ఒక్క గ్రాము వేసి ఇవ్వండి. తేడా తెలియదు. నూట మూడు వేస్తే తెలిసే అవకాశం ఉంది. ఇప్పుడు యార్డులో నలభై కిలోల మూట మోస్తున్న హమాలీ దగ్గరికి వెళ్ళి, ఆ మూటలో అదే మూడు గ్రాములు పోయండి. ఆయనకు తెలియదు. గుప్పెడు పోసినా తెలియదు. దాదాపు కిలో పోస్తే గానీ "ఏందబ్బా, బరువెక్కింది" అనడు. వందకు రెండున్నర, నలభై వేలకు వెయ్యి. రెండు చోట్లా అది నలభయ్యో వంతే. మన ఇంద్రియాలు తేడాను వంతుల్లో పడతాయి, గ్రాముల్లో పట్టవు. వెలుగుకు ఒక వంతు, శబ్దానికి ఒక వంతు, గీత పొడవుకు ఒక వంతు. అంకె మారుతుంది, సూత్రం అదే.

అదే లైప్‌జిగ్‌లో గుస్టావ్ ఫెఖ్నర్ 1860లో దీన్ని గణితంలోకి ఎక్కించాడు. తెలిసే ప్రతి మెట్టుకూ ముందున్న దాంట్లో ఒకే వంతు కలపాలంటే, బయటి ప్రపంచం గుణకారంతో పెరుగుతుంటే లోపలి అనుభవం కూడికతో పెరుగుతుందన్న మాట. అంటే లాగరిథం. ఇంటర్ పిల్లలు లాగ్ పట్టికల్లో వేలు పెట్టి అడ్డంగా, నిలువుగా వెతికి, యాంటీలాగ్ తీసి, పరీక్ష రాసి మరిచిపోతారు. వాళ్ళ చెవి పుట్టినప్పటి నుంచి దాదాపు ఆ లెక్కే చేస్తోందని, డెసిబెల్ అనే కొలత అందుకే అలా పెట్టారని ఒక్క పిరియడ్ చెబితే ఆ పాఠం మరిచిపోరు. మన తరగతుల్లో అది జరగకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇప్పుడు ఆ కుర్రవాడి నాయన టీవీ దగ్గరికి వద్దాం. అంతకంటే ముందు, 1975 ఆగస్టు 1న మొదలైన ఒక పెద్ద ప్రయోగం గురించి చెప్పాలి. అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు వాడుకుని, ఇస్రో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు ఆకాశం నుంచి నేరుగా టీవీ కార్యక్రమాలు పంపింది. వాటిలో కర్నూలు జిల్లా పల్లెలూ ఉన్నాయి. కోళ్ళ గూళ్ళకు కట్టే ఇనుప వలతో మూడు మీటర్ల గొడుగు లాంటి యాంటెనా, ఊరందరికీ కలిపి ఒక్క నలుపు తెలుపు పెట్టె. బొమ్మ నాణ్యతను ఇప్పటి లెక్కతో చూస్తే చెప్పుకోదగ్గది కాదు. కానీ అంతకు ముందు ఆ ఊళ్ళో ఉన్నది సున్నా. ఫెఖ్నర్ లెక్కలో సున్నా దగ్గర బయలుదేరితే ఏ చిన్న అంకె అయినా అనంతమైన రెట్లు. దూరంగా ఎక్కడో మాట్లాడుతున్న మనిషి ముఖం రచ్చబండ దగ్గర కనబడిందంటే, అది కొత్త ఇంద్రియం మొలిచినంత పని.

1982లో రంగుల ప్రసారాలు మొదలైనప్పుడు జరిగింది కూడా ఇదే. మన కంట్లో రంగును పట్టే శంకు కణాలు మూడు రకాలు. నలుపు తెలుపు పెట్టె వెలుగు ఎంతో మాత్రమే చెప్పేది. మూడు రకాల కణాల మధ్య తేడాను మెదడు ఎలా చదువుతుందో, ఆ దారి మొత్తం ఖాళీగా ఉండేది. రంగు రాగానే ఆ ఖాళీ దారి ఒక్కసారిగా నిండింది. ఆ నాయన కథలు కథలుగా చెప్పడంలో అతిశయోక్తి ఏమీ లేదు.

కుర్రవాడి ఫోను సంగతి వేరు. ఇక్కడ లెక్క కొంచెం ఓపికగా చూడాలి. పగటి వెలుగులో మన కంటిపాప వ్యాసం సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. అంత చిన్న రంధ్రం గుండా వెళ్ళే కాంతి వంగి పరుచుకుంటుంది. 550 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతికి ఆ పరుచుకోవడం 0.00027 రేడియన్లు, అంటే డిగ్రీలో అరవయ్యో వంతుకు కాస్త తక్కువ. ఇక రెటీనా (కంటి వెనకున్న తెర) నడిమధ్యలో శంకు కణాల మధ్య దూరం సుమారు రెండున్నర మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కంటి కటకం నుంచి రెటీనా దాకా 17 మిల్లీమీటర్లనుకుంటే, రెండు చుక్కలను రెండుగా గుర్తించాలంటే వాటి మధ్య ఒక కణం ఖాళీగా ఉండాలి కాబట్టి, అక్కడా జవాబు డిగ్రీలో అరవయ్యో వంతే వస్తుంది. కటకం ఎంత సన్నగా బొమ్మ గీయగలదో, వెనకున్న తెర అంతే సన్నగా చదవగలదు. ఒకటి రెండోదానికంటే మెరుగ్గా ఉండి లాభం లేదు కాబట్టి, పరిణామం రెండింటినీ ఒకే చోట ఆపింది. నాకు ఈ లెక్క ఎన్నిసార్లు చేసినా ఒళ్ళు పులకరిస్తుంది.

ఫోనును 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటాం. అక్కడ అరవయ్యో వంతు డిగ్రీ అంటే 0.087 మిల్లీమీటరు. అంటే తెర మీద అంగుళానికి సుమారు 290 చుక్కలు (పిక్సెళ్ళు) ఉంటే, కన్ను వాటిని విడివిడిగా చూడలేదు. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్‌లో అంగుళానికి 163 చుక్కలుండేవి, అక్షరాల అంచులు రంపంలా కనబడేవి. 2010లో వచ్చిన నాలుగో మోడల్‌లో 326. ఆ ఒక్క గెంతుతో తెర మన కంటిని దాటేసింది. ఆ తర్వాత అంగుళానికి 500 చుక్కలు పెట్టిన ఫోన్లు వచ్చాయి. చదివే దూరంలో సాధారణమైన కన్ను వాటిని దాదాపుగా అందుకోలేదు.

టీవీ కొనబోయే వాళ్ళకు ఈ లెక్క డబ్బు మిగులుస్తుంది. 43 అంగుళాల టీవీ వెడల్పు 95 సెంటీమీటర్లు. ఫుల్ హెచ్‌డీలో అడ్డంగా 1,920 చుక్కలు, ఒక్కో చుక్క అర మిల్లీమీటరు. అర మిల్లీమీటరు అరవయ్యో వంతు డిగ్రీ అయ్యేది 1.7 మీటర్ల దూరంలో, అంటే అయిదున్నర అడుగుల దగ్గర. మన ఇళ్ళల్లో గోడకున్న టీవీకీ ఎదురుగా ఉన్న మంచానికీ ఎనిమిది, తొమ్మిది అడుగులుంటుంది. అక్కడ కూర్చుని చూస్తే, నాలుగు రెట్లు చుక్కలున్న 4కే టీవీకీ దీనికీ చుక్కల వల్ల వచ్చే తేడా చాలా మంది కంటికి ఆనదు. వెలుగు, రంగుల్లో తేడా ఉంటే ఉండొచ్చు, అది వేరే విషయం.

చెవిది ఇంకా పాత కథ. మనిషి చెవి 20,000 హెర్ట్జ్ దాటి వినదు. 1982లో వచ్చిన సీడీ సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి ఆ హద్దును అప్పుడే దాటేసింది.

ఇంద్రియాల గోడ ఒకటైతే, యంత్రాల లోపల ఇంకో గోడ ఉంది. అక్కడా లాగరిథమే ఎదురవుతుంది. కంప్యూటర్ చిప్ ఒక్కో అడుగూ వేసేది తన లోపలి గడియారం టిక్కును బట్టి. 1984లో ఐబీఎం పీసీ ఏటీ అనే కంప్యూటర్‌లో ఆ గడియారం 6 మెగాహెర్ట్జ్, అంటే సెకనుకు 60 లక్షల టిక్కులు. 2004లో పెంటియం 4 చిప్ గడియారం 3.8 గిగాహెర్ట్జ్. ఇరవై ఏళ్ళలో 600 రెట్లు. అక్కడి నుంచి ఇంకో ఇరవై ఏళ్ళకు, 2024లో ఇంటెల్ చిప్ గరిష్ఠంగా 6.2 గిగాహెర్ట్జ్. రెండు రెట్లు కూడా కాదు. కారణం వేడి. 1974లో ఐబీఎంలో రాబర్ట్ డెన్నార్డ్, ఆయన తోటివాళ్ళు ఒక చక్కటి దారి చూపారు. ట్రాన్సిస్టర్ (చిప్‌లో కరెంటును తెరిచి మూసే బుల్లి స్విచ్) కొలతలు తగ్గించినంత వంతున వోల్టేజి కూడా తగ్గిస్తే, చదరపు మిల్లీమీటరుకు పుట్టే వేడి మారదు, వేగం మాత్రం పెరుగుతుంది. 5 వోల్టుల నుంచి ఒక వోల్టు దగ్గరి దాకా ఆ దారిన దిగివచ్చారు. అక్కడ ఆగిపోయింది. ట్రాన్సిస్టర్ తెరుచుకునే వోల్టేజిని 60 మిల్లీవోల్టులు తగ్గించిన ప్రతిసారీ, మూసి ఉన్నప్పుడు కూడా కారిపోయే కరెంటు పది రెట్లవుతుంది. ఆ 60 ఏ కంపెనీ పనితనం మీదా ఆధారపడేది కాదు. గది వేడిమి దగ్గర ఎలక్ట్రాన్ల కదలికకు సరిపడే వోల్టేజి 26 మిల్లీవోల్టులు, దాన్ని పది యొక్క సహజ లాగరిథం 2.3తో గుణిస్తే వచ్చేది 60. చిప్ మీద ట్రాన్సిస్టర్ల సంఖ్య ఇప్పటికీ పెరుగుతూనే ఉంది. ఒక్కో పని చిటికెలో అయిపోయే వేగం మాత్రం అప్పట్లా పెరగడం లేదు.

ఇంతవరకు చదివిన వాళ్ళు "అయితే ప్రగతి ఆగిందనే కదా" అనొచ్చు. ఆగలేదు. మన ఇంద్రియానికి ఎదురుగా లేని చోట్ల విపరీతంగా జరుగుతోంది. ఎల్ఈడీ బల్బునే చూడండి. పాత 60 వాట్ల బల్బు ఇచ్చే వెలుగును 9 వాట్లతో ఇస్తుంది, దాదాపు ఏడో వంతు కరెంటు. దాన్ని సాధ్యం చేసిన నీలి ఎల్ఈడీకి అకసాకి, అమనో, నకమురాలకు 2014లో నోబెల్ వచ్చింది. మన ప్రభుత్వం టోకున కొన్న ధర 2014లో బల్బుకు 310 రూపాయలుంటే, 2016 కల్లా 38కి దిగింది. కడపలో, కర్నూల్లో ప్రతి ఇంటికీ వచ్చిన విప్లవం అది. ఎవరూ ఆ రోజును గుర్తుపెట్టుకోలేదు, ఎందుకంటే వెలుగు అంతే ఉంది. వాటును పట్టే ఇంద్రియం మనకు లేదు. ఓర్వకల్లు దగ్గర 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు కూడా ఇంట్లో స్విచ్ వేసే మనిషికి ఏ తేడాగానూ కనబడదు.

ఒక మాట కచ్చితంగా చెప్పాలి. వేబర్, ఫెఖ్నర్ కొలిచింది స్పర్శనూ, వెలుగునూ, శబ్దాన్నీ. ఉత్సాహాన్ని కొలవలేదు. మరీ మసక వెలుగులో, మరీ చిన్న శబ్దంలో వాళ్ళ సూత్రం సరిగ్గా నిలబడదు కూడా. దాన్ని ఉత్సాహానికి అన్వయించడం నా వాదన. కానీ కంటి హద్దు మీద నేను చేసిన లెక్కకు ఆ సూత్రంతో పని లేదు, అది నేరుగా కాంతి శాస్త్రం.

ఈ వాదనే నిజమైతే, ఉత్సాహం ఇంకా ఎక్కడ మిగిలి ఉండాలి? సున్నా ఉన్న చోట. కన్ను కనబడని మనిషికి ఫోను తెలుగు అక్షరాలు చదివి వినిపిస్తే అది సున్నా నుంచి బయలుదేరిన మెట్టు. చదువురాని అవ్వ మైకు గుర్తు నొక్కి "బుడ్డల రేటెంత" అని చెనక్కాయల ధర అడిగి జవాబు వింటే, ఆమెకు అది 1975 నాటి టీవీతో సమానం. మన ఫోను తెర మీద ఇంకో రెండొందల చుక్కలు పెరగడం కంటే ఇది ఎన్నో రెట్లు పెద్ద అడుగు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టి ఊపినది పిడుగు హెచ్చరిక. రాయలసీమలో ఎండాకాలం చివర సాయంత్రం వానలతో పాటు పిడుగులు పడి, గొర్రెల కాపరులూ, చేలల్లో ఉన్న కూలీలూ చనిపోవడం మనకు తెలియంది కాదు. ఉరిమితే "అర్జునా, ఫల్గుణా" అనుకోమని పెద్దలు నేర్పారు. భయం తగ్గడానికి అనుకోవచ్చు. కానీ అనుకుంటూ వేపచెట్టు కింద నిలబడితే ప్రాణం పోతుంది. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కబెట్టి మూడుతో భాగిస్తే ఎన్ని కిలోమీటర్ల దూరమో వస్తుంది. పిల్లలకు పేర్లతో పాటు అది కూడా నేర్పాలి.

ఇప్పుడు మన ఫోన్లకు విపత్తుల సంస్థ నుంచి, మండలం పేరుతో సహా, పిడుగులు పడే అవకాశం ఉందని మెసేజ్ వస్తోంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ వాళ్ళ 'దామిని' యాప్ ఉంది. ప్రతి మెరుపూ ఒక రేడియో కెరటాన్ని విసురుతుంది. అది మైక్రోసెకనుకు 300 మీటర్లు పోతుంది. దూరదూరంగా ఉన్న గ్రాహకాలకు అది చేరిన వేళల్లో తేడాను బట్టి మెరుపు ఎక్కడ పుట్టిందో లెక్కకడతారు. మబ్బు లోపలి మెరుపులు చాలాసార్లు నేల మీద పడేవాటి కంటే కొన్ని నిమిషాలు ముందే మొదలవుతాయి. హెచ్చరికకు ఆ నిమిషాలే ఆధారం.

ఈ మెసేజ్ చేరడంలోనే లోపముంది. మామూలు ఎస్ఎంఎస్ ఒక్కో నంబరుకూ విడివిడిగా పోవాలి. లక్షల ఫోన్లకు పంపేసరికి ఆలస్యమవుతుంది, జేబులో ఉన్న ఫోను చిన్నగా మోగి ఊరుకుంటుంది. 2023లో దేశంలో చాలా చోట్ల ఫోన్లన్నీ ఒక్కసారిగా పెద్ద మోతతో మోగాయి, గుర్తుందా? అది సెల్ బ్రాడ్‌కాస్ట్ పరీక్ష. టవరు ఒకేసారి తన పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ వినిపిస్తుంది. నంబరు అక్కర్లేదు, డేటా అక్కర్లేదు, రద్దీ అడ్డురాదు. పిడుగుల కోసం దీన్ని టవరు టవరుకూ, తెలుగులో, గొంతుతో చదివి వినిపించేలా వాడాలి. అక్షరం చదవని కాపరి ఆ మోత వినగానే చెట్టు కింద నుంచి బయటికొచ్చి, దగ్గర్లో ఉన్న పక్కా ఇంట్లోకి పోవాలన్నది ముందే ఊరూరా చెప్పి ఉంచాలి.