హైస్కూల్ ల్యాబ్‌కి ఏటా డబ్బు ఎందుకు అడగాలి

2022లో తెలంగాణలో సర్కారు బళ్ళు బాగుచేసే మన బస్తీ మన బడి పథకం మొదలెట్టినప్పుడు పన్నెండు పనుల లిస్ట్ ఇచ్చారు గుర్తుందా, టాయిలెట్లు, కరెంటు, మంచినీళ్ళు, ఫర్నిచర్, రంగులు, రిపేర్లు, కాంపౌండ్ వాల్, వంటషెడ్డు, డిజిటల్ క్లాసులు, హైస్కూళ్ళకి డైనింగ్ హాల్ కూడా ఉంది. అన్నీ కావాల్సినవే. కానీ రాష్ట్రమంతా కలిపి 7,289 కోట్లు అనుకున్న ఆ పనుల్లో సైన్స్ ల్యాబ్ లేదు.

ఇది ఇవాళ్టి సంగతి కాదు. పదో తరగతి దాకా అందరికీ సైన్స్ ఉండాలని, జాతీయ ఆదాయంలో 6 శాతం చదువుకి పెట్టాలని దేశంలో చదువులెలా ఉండాలో చూడమని కేంద్రం వేసిన కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది, సైన్స్ అయితే పెట్టారు గానీ ఆ 6 శాతం ఇప్పటికీ ఏ సర్కారూ ఇవ్వలేదు. 1986 విద్యా విధానం తర్వాత సెంటర్ ల్యాబ్ సామాను కోసం విడిగా ఒక స్కీమ్ తెచ్చింది, 2009లో హైస్కూళ్ళ కోసం తెచ్చిన ఆర్ఎంఎస్ఏ అనే కేంద్ర స్కీమ్ కింద ల్యాబ్ రూములన్నారు, 2018లో అదంతా సమగ్ర శిక్ష అనే ఒకే కేంద్ర స్కీమ్‌లో కలిపేశారు. దృష్టంతా గది కట్టడం, సామాను కొనడం మీదే. కొన్నాక సంగతేంటి? యాసిడ్ అయిపోతుంది, లిట్మస్ పేపర్ అయిపోతుంది, టెస్ట్ ట్యూబులు పగుల్తాయి (పగలాలి కూడా, పిల్లలు ముట్టుకుంటేనే కదా పగిలేది). సమగ్ర శిక్షలో వీటికని ఏటా వచ్చేది స్కూల్ గ్రాంట్, వెయ్యిమంది దాటిన బడికైనా లక్ష రూపాయలే, కరెంటు, నీళ్ళు, ఇంటర్నెట్, ఆటసామాను, ల్యాబ్ అన్నీ అందులోంచే చూసుకోమని రూల్స్‌లోనే రాశారు. 2024లో సర్కారు బళ్ళకి కరెంటు ఫ్రీ చేసేదాకా బిల్లు కట్టకపోతే ఫ్యూజ్ పీకేస్తారని హెడ్మాస్టారు ముందు అదే కట్టేవారు, ఆయన్ని తప్పుపట్టలేం. ల్యాబ్‌కి కొనలేదేంటని అడిగేవాళ్ళు ఉండరు, ఎందుకంటే మన పదో తరగతిలో సైన్స్‌కి విడిగా ప్రాక్టికల్ పరీక్షే లేదు.

పిల్లలు సొంతంగా వస్తువులు తయారుచేసి చూసేందుకు 2016లో కేంద్రం తెచ్చిన అటల్ టింకరింగ్ ల్యాబులకి 20 లక్షలు ఇస్తారు, మంచిదే, కానీ సెలెక్ట్ అయిన బళ్ళకే.

మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 బళ్ళతో మొదలెట్టి పల్లెటూరి పిల్లలతో సర్కారు బళ్ళోనే ప్రయోగాలు చేయించారు, పరీక్షలో కూడా ప్రయోగం చెయ్యాల్సిందే. 2002లో అక్కడి ప్రభుత్వం ఆపేసేదాకా నడిచింది. మన దగ్గర కూడా ప్రజల డబ్బుతో ల్యాబులు నడపడం కొత్తేం కాదు, హైదరాబాద్ తార్నాకలో రసాయనాల మీద పరిశోధన చేసే ఐఐసీటీ 1944లో నిజాం కాలంలో పెట్టిందే, అటు హబ్సిగూడలో భూమి మీద పరిశోధన చేసే ఎన్జీఆర్ఐ, జీవకణాల మీద చేసే సీసీఎంబీ.

కాబట్టి స్కూల్ గ్రాంట్‌లో కలపకుండా ఒక్కో పిల్లాడికి ఇంత అని ల్యాబ్‌కి విడిగా ఏటా బడ్జెట్లో రాయాలి, దాంతోపాటే పదిలో ప్రాక్టికల్స్‌కి మార్కులు పెట్టాలి, లేకపోతే ఆ డబ్బు కూడా వేరే ఖర్చులకే పోతుంది.