గీతానికి బిల్లు కట్టింది ఎవరు? అమెరికా టీవీ ఆటల్లో సరుకు, జెండా

1941 జూలై 1. న్యూయార్క్‌లోని డబ్ల్యూఎన్‌బీటీ టీవీ కేంద్రం బ్రూక్లిన్ డాడ్జర్స్, ఫిలడెల్ఫియా ఫిలీస్ జట్ల బేస్‌బాల్ మ్యాచ్ చూపించబోతోంది. దానికి ముందు కొన్ని సెకన్ల పాటు తెర మీద ఒక గడియారం, దాని వెనక అమెరికా పటం కనిపించాయి. ఈ దేశం బులోవా సమయం ప్రకారం నడుస్తోందని ఒక గొంతు చెప్పింది. ప్రభుత్వ అనుమతితో అమెరికా టీవీలో వచ్చిన తొలి వాణిజ్య ప్రకటన అదే. బులోవా వాచీల కంపెనీకి అయిన ఖర్చు 9 డాలర్లు. ఆట, సరుకు, దేశం మొదటి రోజే ఒకే తెరకెక్కాయి. అందుకే, ఒకప్పుడు స్వచ్ఛంగా ఉన్న ఆటను తర్వాత డబ్బు వచ్చి పాడు చేసిందని వాపోయేవారి మాట నాకు మింగుడు పడదు. ఈ ఎనభై ఏళ్లలో మారుతూ వచ్చింది ఎవరు ఎవరికి డబ్బు కడుతున్నారన్న లెక్క.

మైదానంలో జాతీయ గీతం పాడే ఆచారం టీవీ కంటే పాతది. 1918 సెప్టెంబరు 5న చికాగోలో బేస్‌బాల్ తుది పోటీ అయిన వరల్డ్ సిరీస్ తొలి మ్యాచ్ జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధం సాగుతోంది. ముందు రోజే ఆ నగరంలోని ఫెడరల్ భవనంలో బాంబు పేలి నలుగురు చనిపోయారు. స్టేడియం నిండలేదు, జనంలో హుషారు లేదు. ఏడో ఇన్నింగ్స్ విరామంలో బ్యాండు ‘స్టార్ స్పాంగిల్డ్ బ్యానర్’ అందుకుంది. నౌకాదళం నుంచి సెలవు మీద వచ్చి బోస్టన్ రెడ్ సాక్స్‌కు ఆడుతున్న ఫ్రెడ్ థామస్ జెండా వైపు తిరిగి సెల్యూట్ చేశాడు. జనం గొంతు కలిపారు. ఆ రోజు బేబ్ రూత్ బౌలింగ్‌తో రెడ్ సాక్స్ 1-0తో గెలిచినా, జనం చెప్పుకున్నది ఆ పాట గురించే. సిరీస్ బోస్టన్‌కు మారాక జట్టు యజమాని హ్యారీ ఫ్రేజీ పాటను మ్యాచ్ ఆరంభానికి జరిపాడు, గాయపడిన సైనికులను ఉచితంగా పిలిపించి కూర్చోబెట్టాడు. ఫ్రేజీ నాటకాల వ్యాపారి కూడా. ఏ సన్నివేశం ఎక్కడ పండుతుందో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

అప్పటికి ఆ పాట చట్టప్రకారం జాతీయ గీతం కాదు. 1931లో అయింది. అయినా రోజూ పాడించేవారు కాదు, బ్యాండుకు డబ్బు ఇవ్వాలి మరి! పెద్ద మ్యాచ్‌లకు, పండగ రోజులకు పరిమితం చేసేవారు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి స్టేడియాల్లో లౌడ్‌స్పీకర్లు వచ్చాయి, ఖర్చు సమస్య తీరింది, ప్రతి మ్యాచ్‌కూ గీతం అలవాటైంది. యుద్ధం ముగిశాక కూడా దీన్ని వదలొద్దని 1945లో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ కమిషనర్ ఎల్మర్ లేడెన్ జట్లకు చెప్పాడు. ఈ దశలో దేశభక్తి ఆటకు గౌరవం తెచ్చే వస్తువు. యువకులు యుద్ధంలో చనిపోతుంటే వీళ్లేమిటి బంతులాడుతున్నారన్న ప్రశ్నకు అది మంచి జవాబు.

1961లో కెనడీ సంతకం చేసిన క్రీడా ప్రసారాల చట్టంతో, జట్లన్నీ ప్రసార హక్కులను కలిపి ఒకే మూటగా అమ్ముకునే వీలు వచ్చింది. గుత్తాధిపత్య నిరోధక చట్టాల నుంచి ఇచ్చిన ఈ మినహాయింపు వెనక ఉన్నది ఎన్‌ఎఫ్‌ఎల్ కమిషనర్ పీట్ రోజెల్. ఆ వెంటనే టీవీ సంస్థ సీబీఎస్‌తో ఏడాదికి 46.5 లక్షల డాలర్ల ఒప్పందం కుదిరింది. 1967లో తొలి సూపర్ బౌల్‌ను, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్‌ను, సీబీఎస్, దాని పోటీ సంస్థ ఎన్‌బీసీ రెండూ చూపించాయి. రెండో సగం మొదలై బంతిని తన్నిన తర్వాత, ఎన్‌బీసీ ఇంకా విరామం నుంచి తిరిగి రాలేదని తెలిసింది. మళ్లీ తన్నించారు! ఆట ఎవరి గడియారం ప్రకారం నడుస్తోందో ఆ రోజే తేలిపోయింది. 2010లో వాల్ స్ట్రీట్ జర్నల్ లెక్కగడితే, మూడు గంటల ఎన్‌ఎఫ్‌ఎల్ ప్రసారంలో బంతి నిజంగా ఆటలో ఉన్నది దాదాపు 11 నిమిషాలు, ప్రకటనలు గంటసేపు.

ఇంత ఖాళీ ఉన్న ఆటను ఏదో ఒకటి పెట్టి నింపాలి. రోజెల్ సూపర్ బౌల్‌ను జాతీయ పండగగా మలిచాడు. యుద్ధ విమానాలు స్టేడియం మీదుగా ఎగిరాయి. 1970లో న్యూ ఓర్లియన్స్‌లో హాఫ్ టైమ్ వినోదంగా 1815 నాటి యుద్ధాన్ని ఫిరంగులతో సహా మళ్లీ నటించి చూపించారు. వియత్నాం యుద్ధం మీద దేశం రెండుగా చీలిన రోజులవి. గల్ఫ్ యుద్ధం మొదలైన పది రోజులకు, 1991 జనవరి 27న టాంపాలో విట్నీ హ్యూస్టన్ గీతం పాడింది. ప్రేక్షకులందరి చేతుల్లో చిన్న జెండాలు. ఆ రికార్డింగ్ తర్వాత దుకాణాల్లో విడుదలై బాగా అమ్ముడుపోయింది. 2001 దాడుల తర్వాత జరిగిన సూపర్ బౌల్‌కు లోగోనే మార్చి అమెరికా పటం పెట్టారు. బడ్వైజర్ బీరు బండి గుర్రాలు న్యూయార్క్ వైపు తిరిగి తలవంచే ప్రకటన వచ్చింది. ఆ బీరు కంపెనీని 2008లో బెల్జియం సంస్థ ఇన్‌బెవ్ కొనేసింది. 2016 వేసవిలో డబ్బాల మీద ‘బడ్వైజర్’ తీసేసి ‘అమెరికా’ అని ముద్రించింది ఆ కొత్త యాజమాన్యమే.

ఇక్కడ ఒక చట్టం సంగతి చెప్పుకోవాలి. 1942లో చట్టమై తర్వాత సవరణలు పొందిన అమెరికా జెండా నియమావళి ప్రకారం జెండాను అడ్డంగా పరిచి మోయకూడదు, క్రీడా దుస్తుల్లో భాగం చేయకూడదు, ఏ విధంగానూ ప్రకటనలకు వాడకూడదు. ఉల్లంఘిస్తే శిక్ష లేదు. మైదానమంత జెండాను పరిచి, అంచులు పట్టుకుని నిలబడే దృశ్యం ఆ నియమావళికి నేరుగా విరుద్ధం. 2016లో గీతం వేళ నిరసనగా మోకాలి మీద కూర్చున్న ఆటగాడి మీద మండిపడ్డవారిలో ఎందరు దీన్ని పట్టించుకున్నారు?

లెక్క తలకిందులైంది 2010 తర్వాత. సైన్యంలో చేరేవారి కోసం రక్షణ శాఖ జట్లతో ప్రచార ఒప్పందాలు చేసుకుంది. 2015 నవంబరులో అరిజోనా సెనేటర్లు జాన్ మెకెయిన్, జెఫ్ ఫ్లేక్ వెలువరించిన నివేదిక ఆ ఒప్పందాలను విప్పి చూపింది. వాటిలో జెండా ఊరేగింపులు, సైనికుడు హఠాత్తుగా మైదానంలోకి వచ్చి కుటుంబాన్ని కలుసుకునే దృశ్యాలు, విరామంలో సన్మానాలు కూడా ఉన్నాయి. నాలుగేళ్లలో ఇలాంటివాటికి ముట్టింది 68 లక్షల డాలర్లని నివేదిక తేల్చింది. బేస్‌బాల్ జట్టు మిల్వాకీ బ్రూవర్స్ ఆదివారం మ్యాచ్‌ల్లో ‘గాడ్ బ్లెస్ అమెరికా’ పాటకు విస్కాన్సిన్ ఆర్మీ నేషనల్ గార్డ్ స్పాన్సర్; ఖర్చు 49,000 డాలర్లు. అట్లాంటా ఫాల్కన్స్‌కు వెళ్లినవి 8,79,000 డాలర్లు. జనం కళ్లు తుడుచుకుంటూ లేచి చప్పట్లు కొట్టారు. వాళ్ల పన్నుల్లోంచే జట్టుకు బిల్లు చెల్లింది. ఫ్రేజీ కనీసం సైనికుల టిక్కెట్లు తనే భరించాడు. విమర్శ రావడంతో ఎన్‌ఎఫ్‌ఎల్ సొంత ఆడిట్ చేయించి, 2016లో 7,23,734 డాలర్లు వెనక్కి ఇచ్చింది.

అదే ఏడాది ఆగస్టులో శాన్ ఫ్రాన్సిస్కో ఆటగాడు కోలిన్ కేపర్నిక్, నల్లజాతి వారిపై పోలీసు హింసకు నిరసనగా గీతం సమయంలో లేవలేదు. తర్వాత మాజీ సైనికుడు నేట్ బోయర్ సలహాతో మోకాలి మీద కూర్చున్నాడు. ఇది అనాదిగా వస్తున్న ఆచారానికి అవమానమని చాలామంది అన్నారు. కానీ 2009 దాకా రాత్రి ప్రధాన మ్యాచ్‌ల్లో టీవీ సమయ సర్దుబాటు కోసం ఆటగాళ్లు గీతం వేళ లోపలి గదుల్లోనే ఉండేవారు. అనాది ఆచారం వయసు ఏడేళ్లు!

నిరసననూ మార్కెట్ వదల్లేదు. 2018 సెప్టెంబరులో నైకీ కేపర్నిక్ ముఖంతో ప్రకటన విడుదల చేసింది. కొందరు కోపంతో నైకీ బూట్లు తగలబెట్టి వీడియోలు పెట్టారు. అప్పటికీ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లన్నిటికీ మైదానంలో వేసుకునే జెర్సీలు సరఫరా చేసేది నైకీయే. 2024 డిసెంబరులో ఆ ఒప్పందం 2038 దాకా పొడిగింది. కేపర్నిక్ మాత్రం 2016 సీజన్ తర్వాత ఆ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.