లుకేమియా తగ్గిన తరువాత రాగల రెండో క్యాన్సర్

లుకేమియా (రక్త క్యాన్సర్) నుంచి బయటపడిన కొందరికి, కొన్నేళ్ల తరువాత, దానితో సంబంధం లేని మరో క్యాన్సర్ వస్తుంది. ఇది పాత జబ్బు తిరగబెట్టడం కాదు. తిరగబెట్టినప్పుడు మిగిలిపోయిన పాత కణాలే మళ్ళీ పెరుగుతాయి. రెండో క్యాన్సర్ మాత్రం వేరే కణంలో, వేరే జన్యు మార్పులతో కొత్తగా మొదలవుతుంది.

ఈ విషయం మన ప్రాంతంలో ఎక్కువగా చర్చకు రావలసిన కాలం వచ్చింది. నెమ్మదిగా ముదిరే రకమైన దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియాకు 2001లో ఇమాటినిబ్ మాత్ర అందుబాటులోకి వచ్చాక, మందు సక్రమంగా వాడి, అది బాగా పనిచేసినవారి ఆయుర్దాయం దాదాపు సాధారణ స్థాయికి చేరింది. పాశ్చాత్య దేశాల్లో ఈ జబ్బు ఎక్కువగా అరవై దాటినవారిలో బయటపడుతుంటే, మన దేశంలో ముప్పై, నలభై ఏళ్లవారిలోనే ఎక్కువగా కనిపిస్తుంది. విజయవాడలోనో గుంటూరులోనో ఆ వయసులో చికిత్స మొదలుపెట్టిన వ్యక్తికి ఇంకా దశాబ్దాల జీవితం ఉంటుంది కనుక, ఆలస్యంగా వచ్చే దుష్ఫలితాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ముప్పు అన్ని మందులకూ ఒకే విధంగా ఉండదు. సైక్లోఫాస్ఫమైడ్, బుసల్ఫాన్, మెల్ఫలాన్ వంటి కీమోథెరపీ మందులు డీఎన్ఏకు నేరుగా అతుక్కుని దానిని దెబ్బతీస్తాయి. వీటివల్ల మూలుగలో (ఎముకల లోపల రక్తకణాలు తయారయ్యే మెత్తని భాగంలో) పుట్టే కొత్త లుకేమియా సాధారణంగా అయిదు నుంచి పదేళ్లకు కనబడుతుంది. ఆ కణాల్లో, జన్యువులను మోసే క్రోమోజోముల్లో 5, 7 సంఖ్యలవి పూర్తిగానో కొంతభాగమో లోపించి ఉండడం తరచుగా చూస్తాం. ఎటోపొసైడ్ వంటి మందుల వల్ల వచ్చే లుకేమియా ఒకటి నుంచి మూడేళ్లలోనే బయటపడవచ్చు. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన బృందం నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ పనితీరు వేరు: అది ఫోలేట్ అనే విటమిన్‌ను అడ్డుకుని డీఎన్ఏ తయారీని ఆపుతుందే తప్ప, పై మందుల్లా డీఎన్ఏకు అతుక్కోదు.

మందే కొత్త జబ్బును సృష్టించిందని ప్రతిసారీ అనుకోలేం. కణాలు అదుపు తప్పకుండా కాపాడే టీపీ53 అనే జన్యువు చెడిన కొన్ని కణాలు చికిత్సకు ముందే మూలుగలో ఉండవచ్చు. కలుపు మందు కొట్టిన చేలో దానికి లొంగని మొక్కలే మిగిలి విస్తరించినట్టు, కీమోథెరపీ తరువాత ఆ కణాలే ఆక్రమించుకుంటాయి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మూలుగ మార్పిడి (దాత మూలుగ కణాలను ఎక్కించడం) చేయించుకున్నవారి సంగతి. మార్పిడికి ముందు శరీరమంతటికీ రేడియేషన్ ఇచ్చి ఉంటే థైరాయిడ్, రొమ్ము, చర్మ క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది. హిరోషిమా, నాగసాకి బాధితుల్లో లుకేమియా కొద్ది సంవత్సరాల్లోనే పెరిగి తగ్గినా, గడ్డలుగా వచ్చే క్యాన్సర్లు దశాబ్దాల తరువాత కూడా కనిపించాయి. ఇక్కడా కాలగమనం దాదాపు అలాంటిదే. దాత కణాలు రోగి శరీరాన్ని పరాయిదిగా భావించి దీర్ఘకాలం దాడి చేస్తే నోటి లోపలి పొర పదేపదే పుండై మానుతూ ఉంటుంది, దాన్ని అదుపు చేసే మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి, ఆ రెండూ కలిసి నోటి క్యాన్సర్‌కు దారితీయగలవు. పొగాకు బోర్డు కార్యాలయమే గుంటూరులో ఉన్న ఈ ప్రాంతంలో చుట్ట, ఖైనీ, గుట్కా అలవాట్లు కొత్తవి కావు. మార్పిడి అయినవారికి వాటి ప్రమాదం మరింత ఎక్కువ. నోటిలో తెల్లమచ్చగాని పుండుగాని రెండు వారాలు దాటినా మానకపోతే వెంటనే చూపించుకోవాలి. బాధ లేకపోయినా ఏడాదికోసారి దంతవైద్యునిచేత నోరంతా పరీక్ష చేయించుకోవడం తప్పనిసరి.

ఈ భయంతో మొదటి చికిత్సను వద్దనుకోవడం ఘోరమైన పొరపాటు. తీవ్ర లుకేమియాను చికిత్స లేకుండా వదిలేస్తే సాధారణంగా వారాల్లో, నెలల్లో ప్రాణం తీస్తుంది. రెండో క్యాన్సర్ కొందరికే, అదీ ఎక్కువగా ఏళ్ల తరువాత వస్తుంది.

వెల్లూరులోనో హైదరాబాదులోనో చికిత్స పూర్తిచేసుకుని ఇంటికి వచ్చినవారు, వాడిన మందుల పేర్లు, మొత్తం మోతాదులు, రేడియేషన్ వివరాలు ఉన్న సారాంశ పత్రాన్ని అడిగి తెచ్చుకుని భద్రపరచుకోవాలి. పదేళ్ల తరువాత మంగళగిరి ఎయిమ్స్‌కు వెళ్లినా, వీధి చివరి డాక్టరు దగ్గరకు వెళ్లినా, ముందుగా చూపవలసింది అదే. అది చూసిన వైద్యుడు, రక్తకణాల సంఖ్య కారణం తెలియకుండా తగ్గుతున్నప్పుడు ఐరన్ మాత్రలతో సరిపెట్టకుండా మూలుగ పరీక్షకు పంపిస్తాడు.