తడి ఆరని బొడ్డు

విశాఖలో కేజీహెచ్ ఆసుపత్రి డౌన్‌లో మా పక్కింటివాళ్ల మనవడికి బొడ్డు ఊడి నెల దాటినా తడి ఆరలేదు. పసుపు అద్దారు, పౌడరు చల్లారు. కట్టిన గుడ్డ విప్పి వాసన చూసి, "ఇది ఉచ్చ వాసనేనమ్మా, ఆసుపత్రికి తీసుకెల్లండి" అని తేల్చింది మాత్రం అమ్మమ్మే. స్కాన్‌లో యురేకస్ మూసుకోలేదని వచ్చింది. గూగుల్ చూసిన తండ్రికి క్యాన్సర్ టెన్షన్ పట్టుకుంది.

పిండదశలో మూత్రాశయం పైకొస నుంచి బొడ్డుదాకా ఓ గొట్టం ఉంటుంది. అదే యురేకస్. మామూలుగా పుట్టేలోపు పూడిపోయి నారలా మిగులుతుంది. శవపరీక్షల్లో చూస్తే, పెద్దవాళ్లలో మూడోవంతు మందిలో ఆ నార మధ్య సన్నటి సందు ఉండనే ఉంది. అయినా మూత్రాశయ క్యాన్సర్లలో యురేకస్‌లో పుట్టేవి 1 శాతం లోపే. అవీ ఎక్కువగా నడివయసు దాటాకే. చిక్కల్లా అవి పైకొసన గుట్టుగా పెరగడం. మూత్రంలో రక్తమో, అరుదుగా జిగురో పడేసరికి ఆలస్యమవుతుంది. అప్పుడు మూత్రాశయం పైభాగాన్నీ ఆ నారనీ బొడ్డుతో సహా తీసేస్తారు.

పుట్టుకతో వచ్చే ఇలాంటి లోపం ఇంకోటుంది. గుర్రపునాడా ఆకారంలో అతుక్కున్న కిడ్నీలు సుమారు 500 మందిలో ఒకరికి ఉంటాయి. పిల్లల కిడ్నీల్లో వచ్చే విల్మ్స్ కణితి అనే క్యాన్సర్ ముప్పు వాళ్లకి కాస్త ఎక్కువ, అంతే. చాలామందికి అలాంటి కిడ్నీలున్నాయనే తెలియదు.

క్యాన్సర్ విషయంలో అసలు కథ ఎక్‌స్ట్రఫీది. ఇందులో మూత్రాశయం పొట్ట గోడ బయటికి తెరుచుకుని పుడుతుంది. గుడ్డ రాపిడి, ఇన్ఫెక్షన్లు ఏళ్లతరబడి తగిలితే లోపొర పేగు పొరలా మారుతుంది. క్యాన్సర్ అక్కడ మొదలవ్వచ్చు. 1850ల మొదట్లో లండన్‌లో జాన్ సైమన్ అనే సర్జన్ ఇలాంటి బిడ్డకి మూత్రాన్ని పెద్దపేగులోకి మళ్లించాడు. తర్వాత ఆ పద్ధతి ఎందరికో చేశారు. మూత్రం, మలం కలిసేచోట, కిడ్నీ నుంచి మూత్రం తెచ్చే నాళాన్ని పేగుకి అతికిన ఆ కుట్టు దగ్గరే, ఇరవై ఏళ్లు దాటాక కొందరికి క్యాన్సర్ వచ్చింది! పుట్టుకతో వచ్చిన లోపం కన్నా, దాన్ని సరిచేసిన తీరే ఇక్కడ ఎక్కువ భయపెడుతుంది నన్ను. అందుకే ఆ ఆపరేషన్ అయినవాళ్లు బాగానే ఉన్నా కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష, చేయించుకుంటూ ఉండాలి.

మా పక్కింటి బుడ్డోడికి డాక్టరుగారు ఆపరేషన్ తొందరేం లేదన్నారు. ఆరు నెలల్లోపు చాలామందికి దానంతటదే మూసుకుంటుందట. జ్వరమొచ్చినా, బొడ్డు ఎర్రబడినా వెంటనే రమ్మన్నారు. అమ్మమ్మ పసుపు డబ్బా లోపల పెట్టేసింది. పొద్దున్నే గుడ్డ విప్పి వాసన చూడడం మాత్రం మానలేదు.