ఆర్కేంజెల్, అర్ఖాంగెల్స్క్: ఒకే రేవుకు ఇంగ్లిష్‌లో రెండు పేర్లు ఎలా వచ్చాయి?

రష్యా ఉత్తర కొసన, ఉత్తర ద్వినా నది శ్వేత సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో అర్ఖాంగెల్స్క్ ఉంది. ఇప్పటి ఇంగ్లిష్ మ్యాపుల్లో, వార్తల్లో ఎక్కువగా కనిపించేది ఈ పేరే. రెండో ప్రపంచ యుద్ధం గురించి బ్రిటిష్ వాళ్లు రాసిన పాత పుస్తకాల్లో మాత్రం అదే ఊరు ఆర్కేంజెల్. నోరు తిరగని ఇంగ్లిష్ వాళ్లు రష్యన్ పేరును కుదించేశారని అనుకోవడం తేలిక. కానీ ఆ పేరు పుట్టుక వేరు.

1553లో చైనాకు ఈశాన్య సముద్ర మార్గం వెతుకుతూ సర్ హ్యూ విల్లోబీ నాయకత్వంలో ఇంగ్లండ్ నుంచి మూడు ఓడలు బయల్దేరాయి. రెండు ఓడలు కోలా తీరంలో ఆగిపోయి, విల్లోబీతో సహా వాటిలోని వాళ్లంతా ఆ చలికాలంలోనే చనిపోయారు. మూడో ఓడలో ఉన్న రిచర్డ్ చాన్సలర్ ద్వినా ముఖద్వారం దగ్గర సెయింట్ నికొలస్ మఠం ఉన్న తీరానికి చేరి, అక్కణ్ణుంచి మాస్కో వెళ్లి జార్ నాలుగో ఇవాన్‌ను కలిశాడు. 1555లో లండన్‌లో, రష్యాతో వ్యాపారం చేసే మస్కోవీ కంపెనీకి రాజశాసనం దక్కింది. అప్పటికి అర్ఖాంగెల్స్క్ అనే పట్నమే లేదు. ఇంగ్లిష్ వర్తకులు ఆ తీరాన్ని మఠం పేరుతో సెయింట్ నికొలస్ అనే పిలిచేవారు.

1584లో నది ఒడ్డున, ప్రధానదూత (దేవదూతల్లో ముఖ్యుడు) మిఖాయేలు పేరిట ఉన్న మఠం దగ్గర కొత్త కోట పట్నం కట్టారు. ముందు దాన్ని కొత్త ఖొల్మొగొరి అన్నారు. తర్వాత మఠం పేరే పట్నానికి స్థిరపడింది. రష్యన్లు అప్పట్లో దాన్ని అర్ఖాంగెల్స్కీ గోరొద్, అంటే ప్రధానదూత పట్నం, అనేవారు. ఇంగ్లిష్ వాళ్లు అందులోంచి ప్రధానదూతను తీసుకుని తమ భాషలో ఆర్కేంజెల్ అన్నారు. అక్కడ వాళ్లతో పోటీపడి వ్యాపారం చేసిన డచ్ వాళ్లూ అదే పని చేశారు. అందుకే దీన్ని తప్పుగా పలికిన పేరని అనలేం. వాళ్లు పేరు అర్థం తెలుసుకునే పిలిచారు.

ఈ వర్తకులకు మన తీరంతోనూ సంబంధం ఉంది. ఈస్టిండియా కంపెనీ తొలి గవర్నర్ సర్ థామస్ స్మిత్ మస్కోవీ కంపెనీకి కూడా గవర్నర్‌గా పనిచేశాడు. 1611లో ఈస్టిండియా కంపెనీ వాళ్లు మచిలీపట్నంలో దిగి, చెవిన పడిన పేరును మసూలిపటం అని రాసుకున్నారు. ద్వినా ఒడ్డున అర్థాన్ని పట్టుకున్నారు, కృష్ణా ముఖద్వారం దగ్గర శబ్దాన్ని పట్టుకున్నారు.

1703లో పీటర్ చక్రవర్తి సెయింట్ పీటర్స్‌బర్గ్ స్థాపించి, విదేశీ వ్యాపారాన్ని అటు మళ్లించాడు. ఉత్తర రేవు వెలుగు తగ్గినా ఇంగ్లిష్‌లో దాని పేరు చెక్కుచెదరలేదు. 1818లో వచ్చిన మేరీ షెల్లీ నవల ఫ్రాంకెన్‌స్టైన్‌లో ధ్రువ యాత్రకు బయల్దేరిన వాల్టన్ తన రెండో ఉత్తరాన్ని ఆర్కేంజెల్ నుంచే రాస్తాడు.

ఆ పేరు మళ్లీ జనం నోట బాగా నానింది యుద్ధాల వల్ల. 1918 ఆగస్టులో బ్రిటిష్ సేనలు, ఇతర మిత్రపక్షాల సేనలు రష్యాలో అధికారం చేపట్టిన కమ్యూనిస్టులైన బోల్షెవిక్‌లకు వ్యతిరేకంగా అక్కడ దిగాయి. వెనువెంటనే అమెరికన్ సైనికులూ వచ్చారు. 1919లో అందరూ వెనుదిరిగారు. 1941 ఆగస్టు 31న సోవియట్ యూనియన్‌కు సాయం తెచ్చిన మొదటి ఆర్కిటిక్ కాన్వాయ్ (రక్షణతో కలిసి సాగే ఓడల గుంపు) చేరింది కూడా ఈ రేవుకే. అక్కడ చనిపోయిన వారి సమాధులున్న శ్మశానానికి కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ రికార్డుల్లో నేటికీ ఆర్కేంజెల్ అలైడ్ సెమెటరీ అనే పేరు. ఆ పేరును మార్చాల్సిన అవసరం నాకైతే కనిపించదు.

మరి ఇంగ్లిష్‌లో అర్ఖాంగెల్స్క్ ఎలా పైకొచ్చింది? రష్యన్ పేర్లను రోమన్ లిపిలో ఒకే పద్ధతిలో రాయడానికి 1940లలో బ్రిటిష్, అమెరికన్ పేర్ల సంఘాలు ఒక విధానానికి ఒప్పుకున్నాయి. 1967లో జెనీవాలో ఊళ్ల పేర్ల ప్రామాణికతపై ఐక్యరాజ్యసమితి మొదటి సమావేశం జరిగింది. స్థానికులు వాడే రూపానికే పెద్దపీట వేసి, బయటివాళ్లు పెట్టిన పేర్లు తగ్గించాలని ఆ తర్వాతి సమావేశాలు కోరాయి. మ్యాపులు, పత్రికలు మెల్లగా అటు మారాయి. అయినా రష్యన్లు మస్క్వా అనే మాస్కోను ఇంగ్లిష్ వదల్లేదు. రాజధాని పేరు రోజూ వాడుకలో ఉంటుంది కాబట్టి నిలిచింది. ఎప్పుడో ఒకసారి వినిపించే రేవు పేరును మార్చడం తేలికైంది.

ఇక్కడ ఇంకో విశేషం చెప్పాలి. పీటర్ ఊరిని లెనిన్‌గ్రాద్‌గా, నీజ్నీ నోవ్‌గొరొద్‌ను గోర్కీగా మార్చిన సోవియట్ ప్రభుత్వం ఈ ప్రధానదూత పేరు జోలికి పోలేదు.

నేటి నగరం గురించి ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు అర్ఖాంగెల్స్క్ అనడమే సరైనది. అక్కడి వాళ్లు పిలుచుకునే పేరు అదే. పాత వర్తకుల గురించో, 1918 సైనికుల గురించో రాస్తే ఆర్కేంజెల్ అనడంలో తప్పు లేదు, వాళ్ల ఉత్తరాల్లో ఉన్నది ఆ పేరే. తెలుగులో మాత్రం మనకు పాత ఇంగ్లిష్ పేరు మోయాల్సిన పని లేదు. యుద్ధ చరిత్రను ఇంగ్లిష్ నుంచి అనువదించేవాళ్లు ఆర్కేంజెల్ అని వదిలేస్తే, పాఠకుడు మ్యాపులో లేని ఊరి కోసం వెతుక్కుంటాడు. అర్ఖాంగెల్స్క్ అని రాసి, పాత పేరును మొదటిసారి వచ్చిన చోట ఒక్క మాటలో చెబితే చాలు.