తాబేలు గోలెం

"అడవిలో తిరిగే తాబేలుకు జలుబు చేస్తే ఎవరికి తెలుస్తుంది మాస్టారూ?" అని తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. ఇలాంటి ప్రశ్న వస్తే ఆ రోజు పాఠం పక్కన పెట్టేయాలనిపిస్తుంది నాకు.

అమెరికాలో మొహావీ ఎడారి తాబేళ్లకు నిజంగానే జలుబు చేసింది. 1980ల చివర్లో కాలిఫోర్నియాలో ముక్కు కారుతూ, కనురెప్పలు ఉబ్బిన తాబేళ్లు కనబడ్డాయి. 1990లో వాటిని ముప్పున్న జాతిగా ప్రకటించడానికి ఈ జబ్బు కూడా ఒక కారణం. దీన్ని తెచ్చేది మైకోప్లాస్మా అగసిజీ అనే సూక్ష్మజీవి. పెన్సిలిన్ దెబ్బతీసేది సూక్ష్మజీవి కణకవచాన్ని. దీనికి ఆ కవచమే లేదు కాబట్టి పెన్సిలిన్ పనిచేయదు.

జబ్బు ఉందో లేదో చూడాలంటే తాబేలును చేత్తో ఎత్తాలి. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

దాని మూత్రాశయం ఒక నీళ్ల గోలెం. వాన పడిన రోజు గుంటల్లో నీళ్లు కడుపు నిండా తాగి అందులో దాచుకుంటుంది. తర్వాత నెలల తరబడి ఆ నీరే గోడల గుండా కొంచెం కొంచెంగా రక్తంలోకి చేరుతుంది. ఎండ ముదిరేకొద్దీ గోలెంలో మిగిలింది చిక్కబడుతుంది. పొటాషియం, వ్యర్థాలు కలిసి యూరేట్లు అనే లవణాలుగా తెల్లటి ముద్దలా అడుగున పేరుకుంటాయి. మూత్రం రక్తమంత చిక్కబడిందంటే ఇక అందులోంచి తోడుకోవడానికి ఏమీ లేనట్టే. మళ్లీ వాన వస్తే పాతది పారబోసి కొత్త నీళ్లు నింపుకుంటుంది. ఈలోగా మనం వెళ్లి ఎత్తామా, భయపడి, గోలెంలో ఉన్న నీళ్లు కాస్తా ఒలకబోసేస్తుంది! దగ్గరి బంధువైన సొనోరా ఎడారి తాబేళ్లలో, పట్టుకున్నప్పుడు మూత్రం పోసినవి ఆ తర్వాత తక్కువగా బతికాయని తేలింది.

అందుకే గాలి వేడి 35 డిగ్రీలు దాటితే పరిశోధకులు వాటిని ముట్టుకోరు. ఒకదాని జబ్బు ఇంకోదానికి అంటకుండా ప్రతి తాబేలుకూ కొత్త గ్లౌజులు వేసుకుంటారు. నీళ్లు పోగొట్టుకున్నదానికి నీళ్లు పట్టి వదులుతారు.

పరీక్షలు రెండు. రక్తంలో యాంటీబాడీలు వెతికే ఎలైసా ఒకటి, ముక్కు కడిగిన ద్రవంలో సూక్ష్మజీవి డీఎన్‌ఏను వెతికే పీసీఆర్ ఇంకొకటి. ఎలైసా మన టైఫాయిడ్ వైడల్ టెస్టు లాంటిది. పాజిటివ్ వస్తే ఇప్పటి జబ్బో పాతదో చెప్పలేం. పైగా ఇది శీతల రక్త జీవి, యాంటీబాడీలు తయారవడానికే వారాలు పడుతుంది. పెంకు కింది నాళం నుంచి తీసిన రక్తంలో శోషరసం (లింఫ్ అనే ద్రవం) కలిస్తే నమూనా పలచబడుతుంది. సూక్ష్మజీవి ముక్కు లోతుల్లో ఉండిపోతే పీసీఆర్‌కు చిక్కదు. కాబట్టి లక్షణాలు, రెండు పరీక్షలు, బరువు అన్నీ కలిపి చూస్తారు. పెంకు మీద నంబరు వేసి, ఆ తాబేలునే మరో ఏడాది మళ్లీ వెతుకుతారు.

పెంచుకున్న తాబేళ్లను జనం ఎడారిలో వదిలేయడం వల్ల కూడా ఈ జబ్బు పాకిందని అక్కడ అనుమానం. ఇది చదివినప్పుడు నాకు మన నక్షత్ర తాబేలు గుర్తొచ్చి బాధేసింది. ఇంట్లో ఉంటే కలిసొస్తుందని తెచ్చుకునేవాళ్లు మన దగ్గరా ఉన్నారు. అది నేరం. తర్వాత భయపడి చెరువులో వదిలేస్తారు. అలా చేయకండి, అటవీశాఖకు అప్పగించండి. అది నేల మీద బతికే తాబేలు, ఈత రాదు, మునిగిపోతుంది.